డెబ్బై పాళ్లు

ఆ రోజు పొద్దున్న వాళ్లింట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. అందులో ఆయన వంతు పని ఇంకా చిన్నది. నీళ్ల ఆఫీసు నుంచి ఎవరైనా వస్తే "మా ఆవిడ వచ్చాక రండి" అని చెప్పాలి. నాలుగే నాలుగు మాటలు. భార్య దూడకి మందు తేవడానికి బస్తీకి వెళ్తోంది, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తుంది.

"ఏదీ, ఇంకోసారి చెప్పండి," అంది భార్య, చెప్పులు వేసుకుంటూ.

"మా ఆవిడ వచ్చాక రండి."

"ఇంకేమైనా అడిగితే?"

"మా ఆవిడ వచ్చాక రండి."

"తాగడానికి మంచినీళ్లు అడిగితే?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "నువ్వు వచ్చేదాకా ఆగమంటే బాగుండదేమో."

"నీళ్లివ్వండి," అంది ఆవిడ. ఆ తర్వాత గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూసింది. ఆయన అప్పటికే ఆకాశం వైపు చూస్తున్నాడు. వెళ్లాలా మానాలా అని ఒక్క క్షణం ఊగిసలాడి, బస్సు టైమవుతోందని వెళ్లిపోయింది.

చుట్టుపక్కల అందరూ ఆయన్ని మబ్బులాయన అంటారు. ఎదురుగా అనరు. అన్నా ఆయన వినిపించుకోడు, కాబట్టి ఎదురుగానే అంటారు. మనిషి సోమరి కాడు. గడ్డి కోస్తాడు, కొట్టం కడుగుతాడు, ఆవుల ఒళ్లు రుద్దుతాడు. కాకపోతే చేతులు ఒక చోట ఉంటే మనసు ఇంకో చోట ఉంటుంది. పనంతా అయ్యాక వాగు మలుపులో ఒక బండ మీద కూర్చుని నీళ్లకేసి చూస్తుంటాడు. ఎవరైనా ఏదైనా చెబితే ఆ వాక్యంలో చివరి రెండు మాటలు మాత్రం ఆయన చెవిన పడతాయి. పెళ్లైన ఇన్నేళ్లలో భార్య ఆ కిటుకు కనిపెట్టి, ముఖ్యమైన సంగతులన్నీ వాక్యం చివర పెట్టడం నేర్చుకుంది.

నీళ్ల ఆఫీసు సంగతి మాత్రం ఆషామాషీ వ్యవహారం కాదు. వాగు నీళ్లు పాడైపోతున్నాయని, ఒడ్డున ఉన్న ఐదు పశువుల కొట్టాలనూ విచారిస్తామని, పాడుచేయడంలో సగానికి మించి ఎవరిదని తేలితే వాళ్లు నెల్లో ఒడ్డు ఖాళీ చేయాలని నోటీసు వచ్చింది. వీళ్లకి ఆ ఒడ్డు తప్ప ఇంకో చోటు లేదు. ఒడ్డు పోతే ఆవుల్ని అమ్ముకోవాలి. ఒక్క ఆవుతో మొదలుపెట్టి ఆవిడ పదింటిని చేసింది. ఏ ఆవుకి ఏ వైపు నిలబడి పితకాలో, ఏది తడిగడ్డి ముట్టదో, ఏది పాట పాడితే తప్ప పాలు చేపదో ఆవిడకే తెలుసు. ఆ పదీ పోతాయన్న ఆలోచన వస్తేనే ఆవిడకి అన్నం సయించడం లేదు.

ఆవిడ బస్సెక్కిన అరగంటకు నీళ్ల ఆఫీసరమ్మ వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషి. చేతిలో విచారణ పత్రం ఉంది. ఆ పత్రాన్ని తయారుచేసిన పై అధికారికి అచ్చ తెలుగు పిచ్చి. శాతం, భాగస్వామ్యం, పరిమాణం లాంటి మాటలు కనబడితే ఆయన ఎర్ర సిరాతో కొట్టేస్తాడు. అందుకని ఆ పత్రంలో శాతం అనే మాట ఎక్కడా లేదు. అన్నీ పాళ్లే.

మబ్బులాయన గడ్డిమోపు మీద కూర్చుని ఉన్నాడు. పైన ఒక తెల్లటి మబ్బు అచ్చం నెమరువేస్తున్న ఆవులా కనిపిస్తోంది. దాని తోక మెల్లమెల్లగా విడిపోయి ఇంకో చిన్న మబ్బవుతోంది. దూడ పుడుతోందేమోనని ఆయన ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

ఆఫీసరమ్మ గొంతు సవరించుకుని పత్రం చదివింది. "ఈ వాగునీరు చెడిపోవడానికి గల కారణాలలో పశువులను సాకేవారిగా మీ వంతు ఎంతో మీ మనస్సాక్షిని అడిగి చెప్పండి. ఇందులో మీ పాలెంత?"

'మీ పాలెంత' అన్నది ఆయన చెవిన పడింది. పాలెంత అని అడిగితే తడుముకునే పశువుల కాపరి లోకంలో ఉండడు. భార్య నేర్పిన నాలుగు మాటలూ ఎటో పోయాయి.

"పొద్దున నలభై. సాయంత్రం ముప్పై."

ఆఫీసరమ్మ కలం ఆగిపోయింది. "అంటే మొత్తం డెబ్బయ్యా?"

"డెబ్బై దాటదండీ. ఒక్కోరోజు రెండు అటూ ఇటూ."

ఈ ఒడ్డున మిగిలిన నాలుగు కొట్టాలూ అప్పటికే తిరిగి వచ్చింది ఆవిడ. నలుగురూ సున్నా అన్నారు. నలభై ఆవులున్న పెద్దకొట్టం ఆయనైతే తన ఆవులు నీళ్లవైపు తిరిగి కూడా చూడవని ఒట్టేసి మరీ చెప్పాడు. ఉన్నదున్నట్టు ఒప్పుకునే మనిషి కనబడేసరికి ఆవిడ మనసు కరిగిపోయింది.

"పొద్దున ఎందుకండీ ఎక్కువ?"

"రాత్రంతా లోపలే ఉంటాయి కదండీ. తెల్లారేసరికి బరువెక్కి అల్లాడిపోతాయి పాపం. వదిలేదాకా వాటికి సుఖం ఉండదు."

"వానాకాలంలో?"

"ఇంకా ఎక్కువ. పచ్చగడ్డి పడుతుంది కదా."

ఆవిడ గబగబా రాసుకుంది. "మరి మీ ఇంట్లోవాళ్లు కూడా ఇవే తాగుతున్నారా?" అంది, వాగువైపు చూపించి. ఆయన మబ్బువైపు చూస్తున్నాడు.

"చిన్నప్పటినుంచీ ఇవే. చుట్టుపక్కల పిల్లలక్కూడా పోస్తాం, ఊరికే."

"పిల్లలకి కూడానా?"

"మరిగించే ఇస్తామండీ," అన్నాడు ఆయన, కాస్త నొచ్చుకుని.

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మీకు ఎప్పుడూ తగ్గించాలని అనిపించలేదా?"

"తగ్గించడమా? ఇంకా పెంచాలని మా ఆవిడ పట్టుదల. వచ్చే ఏడాదికల్లా వంద చేసి చూపిస్తానంటుంది."

'భార్య ప్రోద్బలం ఉన్నట్టు తెలుస్తోంది' అని ఆవిడ పత్రం అంచున రాసి, కింద గీత గీసింది. ఆయన సంతకం పెట్టాడు. దూడమబ్బు అప్పుడే తల్లిమబ్బు నుంచి విడిపోయింది. అది చూసి ఆయన నవ్వాడు. ఇంత నేరం చేసీ ఇంత ప్రశాంతంగా నవ్వగలిగిన మనిషిని ఆఫీసరమ్మ తన ఉద్యోగంలో చూడలేదు.

మధ్యాహ్నం భార్య వచ్చి అడిగింది. "ఎవరైనా వచ్చారా?"

"వచ్చింది. మంచి పిల్ల. పాల గురించి అడిగింది."

"నీళ్ల ఆఫీసువాళ్లు పాల గురించి ఎందుకు అడుగుతారు?"

"అందుకే కదా మంచి పిల్ల అన్నాను."

ఆవిడకి ఎక్కడో ఏదో తేడాగా అనిపించింది. కానీ దూడ అప్పుడే మందు కక్కేసింది, ఆ హడావుడిలో పడి ఊరుకుంది.

మూడో రోజు తెల్లారేసరికి వాళ్ల గేటు పక్కన ఎర్ర బోర్డు వెలిసింది. పత్రంలో ఉన్నది 'పాళ్లు'. బోర్డు రాసేవాడు చోటు చాలక 'పాలు' అని కుదించాడు. అది ఇలా తయారైంది: 'ఈ వాగులో డెబ్బై పాలు ఈ కొట్టానివే.'

పొద్దున్నే ఆ దారిన వెళ్లేవాళ్లు ఆగి చదివారు. చదివి వాగువైపు చూశారు. ఆ వేళప్పుడు వాగు మలుపులో ఎప్పుడూ పొగమంచు ఉంటుంది. నీళ్లు కనబడవు. ఒడ్డు నుంచి ఒడ్డుకి చిక్కటి తెలుపు మెల్లగా కదులుతూ, రాళ్ల దగ్గర కాస్త ఆగి, మళ్లీ సాగిపోతుంది. బోర్డు చదివిన కళ్లతో చూస్తే అవి పాలు కాక ఇంకేమిటి? ధర గిట్టుబాటు కాక మబ్బులాయన రోజుకి డెబ్బై లీటర్లు వాగులో పారబోస్తున్నాడని అరగంటలో నలుదిక్కులా పాకిపోయింది. ఒకావిడ బిందె తీసుకుని వచ్చింది. ఆవిడ వెనక ఇంకో ముగ్గురు వచ్చారు. మోకాలి లోతు మంచులోకి దిగి బిందెలు ముంచారు. పైకి తీసి చూస్తే నీళ్లు.

"చూశావా, పాలల్లో నీళ్లు కలిపాడు," అంది బిందె ఆవిడ.

ఆ రోజు పాల కేంద్రం గుమస్తా వీళ్ల క్యాన్లు దింపుకోలేదు. "ఏం బావగారూ, అక్కడ వాగులో పోసి ఇక్కడ మిగిలినవి తెచ్చారా?" అన్నాడు. కానీ క్యూలో ఉన్న మిగతా పాలవాళ్లు మబ్బులాయన చెయ్యి పట్టుకుని ఊపారు. ధర పెంచమని ఇన్నాళ్లూ గొణుక్కోవడం తప్ప ఎవరూ కదల్లేదు, నువ్వొక్కడివే మగాడివి అన్నారు. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. చివరి రెండు మాటలకి మాత్రం సంతోషించాడు.

భార్య మాత్రం బోర్డు ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత ఆయన్ని కూర్చోబెట్టి, ఆ రోజు ఏం అడిగింది, మీరేం చెప్పారు అని మాట మాటా కూపీ లాగింది. ఆయన చెబుతున్నకొద్దీ ఆవిడ ముఖం పాలిపోయింది. తిట్టలేదు. తిడితే ఆయనకి అలవాటే, ఏదో మబ్బు చూసుకుని గడిపేసేవాడు. ఆవిడ వెళ్లి మొదటి ఆవు మెడ మీద చెయ్యి వేసి నిలబడింది. అది చూశాక ఆ పూట ఆయన ఆకాశం వైపు చూడలేకపోయాడు. తన మూలంగా ఆవిడకింత కష్టం వచ్చిందని ఆయన గుండె బరువెక్కింది.

మర్నాడు ఆవిడ నీళ్ల ఆఫీసుకి వెళ్లింది. "అవి ఆ పాలు కావు మేడం, ఆవుపాలు."

ఆఫీసరమ్మ జాలిగా చూసింది. "సంతకం పెట్టాక ఎవరైనా అలాగే అంటారండీ. ఆయన పొద్దున ఎంతో సాయంత్రం ఎంతో కూడా చెప్పారు. వానాకాలం లెక్క కూడా చెప్పారు."

"ఆవులకి వానాకాలంలో పాలు పెరుగుతాయి మేడం."

"నేను ఈ మాట నమ్మినా కాగితం నమ్మదు. పదో తారీఖున పాల కేంద్రంలో అందర్నీ కూర్చోబెడతాం. ఐదుగురి పాళ్లూ కలిపితే వంద రావాలి. మిగతావాళ్లు ముప్పై కన్నా ఎక్కువ ఒప్పుకుంటే మీ డెబ్బై తగ్గుతుంది."

ఆవిడ ఇంటింటికీ తిరిగింది. అక్కా, వదినా, అన్నయ్యగారూ అని ఎన్ని వరసలు కలిపినా ఎవరూ ఒక్క పాలు కూడా పుచ్చుకోలేదు. చివరికి పెద్దకొట్టానికి వెళ్లింది. ఆ పెద్దమనిషి మబ్బులాయనకి స్వయానా బాబాయి. వాగు పైభాగంలో ఆయనవి నలభై ఆవులు.

"చిన్నమామయ్యా, ఓ పాతిక మీ పేరన రాయించుకోండి. మా ఆవులు దక్కుతాయి."

"పాతికా? నాకా? అమ్మాయ్, నా కొట్టం అద్దంలా ఉంటుంది. మావాడు అమాయకంగా నిజం చెప్పేశాడు. దానికి నేనేం చేసేది?"

ఇంతలో ధర గిట్టక ఒక రైతు పాలు వాగులో పోస్తున్నాడన్న కబురు వ్యవసాయ ఆర్థికశాస్త్రం చదువుకున్న ఒక లెక్కల సారు దాకా పోయింది. ఆయన అలాంటి రైతు కోసం ఏళ్ల తరబడి వెతుకుతున్నాడు. సంచి భుజాన వేసుకుని దిగాడు. మబ్బులాయన పక్కన బండ మీద కూర్చుని ఒక రోజంతా ప్రశ్నలు వేశాడు. సాయంత్రానికి అసలు సంగతి అర్థమై కాస్త నీరసపడ్డాడు. అయినా వచ్చినందుకు ఏదో ఒకటి చెప్పి వెళ్లాలని పాల కేంద్రం అరుగు మీద నిలబడి చెప్పాడు.

"వాగు బాగు చేయడానికి సర్కారు సాయం వస్తోంది. పేడగుంతలకి, ఒడ్డున కంచెకి, చెట్లకి. అందరికీ సమానంగా పంచితే దండగ. మురికి ఎక్కువున్న చోట ఖర్చు పెడితే ఎక్కువ మురికి పోతుంది. కాబట్టి ఎవరి పాలు ఎంతో వాళ్లకి అంత సాయం ఇవ్వాలని నేను రాసి పంపుతున్నాను."

అందరూ మబ్బులాయన వైపు కొత్తగా చూశారు. డెబ్బై పాళ్లు. కూర్చున్న చోటే కొట్టేశాడు. ఆ ఆశలో పడి, సగం దాటితే ఒడ్డు ఖాళీ చేయాలన్న నోటీసు సంగతి అందరూ మరిచిపోయారు.

పదో తారీఖు వచ్చింది. ఈ లోపల మబ్బులాయన ఒక సాధన మొదలుపెట్టాడు. ఒక వాక్యాన్ని మొదటినుంచి చివరిదాకా వినాలి. రేడియో ముందు కూర్చుని వాతావరణ సూచనలు వినేవాడు. మొదటి రోజుల్లో 'మేఘావృతమై' దగ్గరే జారిపోయేవాడు. తొమ్మిదో తారీఖుకి పూర్తి వాక్యం పట్టుబడింది. భార్య అది గమనించింది. ఆ పూట ఆయన పాలగ్లాసు అంచుదాకా నింపింది.

పాల కేంద్రంలో బల్ల వెనక ఆఫీసరమ్మ, పక్కన లెక్కల సారు, లెక్క కూడటానికి గుమస్తా. మొదట అడిగింది వాగు దిగువనున్న కొట్టాన్ని.

"అరవై మేడం."

"పోయినసారి సున్నా అన్నారు."

"అప్పుడు మొహమాటపడ్డాం."

రెండో ఆయన అరవై ఐదన్నాడు. "మూడు ఆవులతో అరవై ఐదా? నీకంత సత్తా ఉందా?" అని మూడో ఆయన ఎగతాళి చేసి, తనకి మాత్రం యాభై ఐదు చాలన్నాడు. రెండో ఆయనకి పౌరుషం వచ్చింది. "మా పేడ ఒక్కసారి వచ్చి చూడు, తర్వాత మాట్లాడు," అన్నాడు. ఎవరి కొట్టం ఎంత కంపుకొడుతుందో గొప్పలు చెప్పుకోవడం ఆ అరుగు మీద అంతకుముందెప్పుడూ జరగలేదు.

పెద్దకొట్టం బాబాయి అందరి మాటా అయ్యాక నింపాదిగా లేచాడు. "పిల్లలంతా ఏదో సరదాపడుతున్నారు. నా పాలు తొంభై. రాసుకోండి."

గుమస్తా కూడాడు. మబ్బులాయన డెబ్బైతో కలిపి మూడువందల నలభై వచ్చింది. "వంద రావాల్సిన చోట ఇంత వస్తే ఎలా?" అని ఆఫీసరమ్మ నుదురు పట్టుకుంది. చివరికి మబ్బులాయన వైపు తిరిగి పాత ప్రశ్నే మొదటినుంచి చదివింది. భార్య కొంగు వేలికి చుట్టుకుని కళ్లు మూసుకుంది.

ఆయన విన్నాడు. 'ఈ వాగునీరు' దగ్గరనుంచి 'మీ పాలెంత' దాకా ఒక్క అక్షరం పోకుండా విన్నాడు. "ఓహో, ఆ పాలా," అన్నాడు. తర్వాత నెమ్మదిగా ఆలోచించి చెప్పాడు. "మా ఆవులు పదీ పొద్దున నీళ్లకి దిగుతాయండీ. దిగినవాటిలో మూడో నాలుగో తోకెత్తుతాయి. కాదనను. నూటికి ఓ పది పాళ్లుంటుంది."

"మరి మిగతా తొంభై?"

"అదంతా నాకు తెలీదండీ. నేను చూసేది రంగులే."

"ఏం రంగులు?"

ఆయన ముఖం వెలిగింది. ఇన్నేళ్లలో ఆ సంగతి ఎవరూ అడగలేదు. "తెల్లవారుజామున, మంచింకా విడకముందు, పై వంతెన కిందనుంచి ఒక పచ్చదనం దిగుతుందండీ. ముందు సన్నగా గీత గీసినట్టుంటుంది. తర్వాత వాగంతా పరుచుకుంటుంది. లేత ఆకుపచ్చ. దాని మీద పసుపు నురగ. సూర్యుడు పడితే బంగారమే. ఒక పావుగంట ఉండి వెళ్లిపోతుంది. రోజూ అదే వేళకి వస్తుంది."

ఆఫీసరమ్మ కలం తీసింది. "వాసన వస్తుందా?"

"కొంచెం వస్తుంది. అంత అందం ముందు వాసనేం లెక్కండీ."

"వంతెన కింద ఏముంది?"

మబ్బులాయన నోరు తెరవకముందే బాబాయి బల్ల చరిచాడు. "మా పైపే. ఇంకెవరిది? తెల్లారుజామున కొట్టం కడిగి వదిలేది నేనే. నలభై ఆవుల పేడ, మూత్రం, అంతా. చూశారా, నా తొంభైకి సాక్షి కూడా దొరికాడు. మావాడు అబద్ధమాడడు."

"తొంభై. పది. వంద," అన్నాడు గుమస్తా. అతని గొంతులో సంతోషం వినిపించింది.

ఆఫీసరమ్మ పత్రం వెనక్కి తిప్పి నియమం చదివింది. సగం దాటినవాళ్లు నెల్లో ఒడ్డు ఖాళీ చేయాలి. సాయం సంగతి తర్వాత, ముందు ఇది.

అరవై, అరవై ఐదు, యాభై ఐదు ముగ్గురూ ఒకేసారి లేచారు. "మాది సున్నాయే కదా మేడం, మొదట్లోనే సంతకం పెట్టి ఇచ్చాం." బాబాయి మాత్రం పత్రంలోని తొంభై మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా, నేను చెప్పింది ఆ పాలు కాదు. ఆవుపాలు."

"ఆ మాట ఇంతకుముందొకరు చెప్పారండీ," అంది ఆఫీసరమ్మ. "అప్పుడు ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటే అన్యాయమవుతుంది."

ఇద్దరూ ఇంటికి బయల్దేరారు. వాగు మలుపు దగ్గరికి వచ్చాక భార్య ఆగింది. ఆవులు పదీ ఒడ్డున నిలబడి ఇద్దరికేసి చూస్తున్నాయి. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఇన్నేళ్లూ ఇక్కడ కూర్చుని మీరు చూస్తున్నది అదా?"

"నీకు చూపిద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ వేళకి నువ్వు పాలు పితుకుతుంటావు."

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే ఆయన పక్కన బండ మీద చోటు చేసుకుని, చాలా ఏళ్ల తర్వాత, ఏ పనీ లేకుండా కాసేపు కూర్చుంది.

నెల తిరిగేసరికి నలభై ఆవులూ గుట్ట మీదికి మారాయి, పైపు మూసేశారు, ఎర్ర బోర్డు పీకేశారు. వాగు తెల్లారుజాము నుంచి పొద్దుపోయేదాకా తేటగా, ఒకే రంగులో పారుతోంది. అందరూ మెచ్చుకుంటున్నారు గానీ, మునుపటంత అందంగా లేదని మబ్బులాయన ఒక్కడికే బెంగ.